వరండాలో చేద

1995లో అమెరికాలోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కెన్ గోల్డ్‌బర్గ్ బృందం 'టెలీగార్డెన్' అని ఓ బుల్లి తోట వేసింది. ఎక్కడివాడో ఇంటర్నెట్‌లో మీట నొక్కితే మరచెయ్యి విత్తు నాటేది, నీళ్ళు పోసేది. తర్వాత ఆస్ట్రియాకు తరలి 2004 దాకా నడిచింది. బురదంటని సేద్యం! మా నాన్న వింటే నవ్వుతాడు (ఆయనా సెల్‌ఫోన్‌తోనే మోటారు వేస్తాడనుకోండి).

నేను మాత్రం ఆ ఆట దండగనను. కాని మనకు కావలసింది తలకిందుల ఆట: నేలలో మార్పొస్తే మన కళ్ళముందు ఏదో కదలాలి. భూగర్భ జలశాఖ కొలిచే నీటిమట్టాలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి, చూసేవాడేడీ? మా చేలో రెండు బోర్లు ఎండాకే మాకు సంగతి తెలిసింది. కాలేజీ వరండాలో ఓ చేద వేలాడదీసి, మట్టం దిగినకొద్దీ అదీ దిగేలా చిన్న మోటారు పెడదాం. ఫ్రెషర్స్ డే ఫ్లెక్సీల ఖర్చులో కొంత చాలు. ఏప్రిల్లో చేద నేలకానిన రోజున, హాస్టల్లో కుళాయి కట్టకుండా పోయేవాడి మొహం చూడాలి.