ఒక్కటే కాపీ!

"జేబులో అంత ఫోను పెట్టుకుని, మెడలో ఆ డబ్బా ఎందుకోయ్?" అని నన్ను అడగని మిత్రుడు లేడు. నిజమే! ఫోను వెయ్యి ఫొటోలు తీస్తుంది, పైసా ఖర్చుండదు. మా డబ్బాలో పడేవి పదే పది. ఒక్కో బొమ్మకి 60, 70 రూపాయలు. కన్ను మూసినా, కాలు జారినా డబ్బు హుష్ కాకి!

అయినా మా దంపతులకి ఈ పిచ్చి పట్టి రెండేళ్ళయింది. ఎందుకో చెబుతాను, చిత్తగించండి.

1943లో ఎడ్విన్ లాండ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు సెలవులకని కుటుంబంతో శాంటా ఫే వెళ్ళాడు. ఫొటో తీస్తే మూడేళ్ళ కూతురు, "ఇప్పుడే ఎందుకు కనబడదు?" అని అడిగిందట. మనమైతే "ఊరుకో అమ్మా" అంటాం. ఆయన ఊరుకోలేదు. 1947లో అప్పటికప్పుడు ఫొటో తీసి చూపించాడు, 1948లో పోలరాయిడ్ కెమేరాని అంగట్లో పెట్టాడు. 2008లో ఆ కంపెనీ ఫిల్ము తయారీ మానేస్తున్నట్టు ప్రకటిస్తే అందరూ కథ కంచికి చేరిందనుకున్నారు. కాని కొందరు అభిమానులు హాలండులోని ఆఖరి ఫ్యాక్టరీని నిలబెట్టారు. అటు జపాను ఫ్యూజీ వారి ఇన్‌స్టాక్స్ 1998 నుంచీ సాగుతూనే ఉంది. మాది ఆ జాతిదే.

మొదటి ప్రయోగం లంబసింగిలో. డిసెంబరు తెల్లవారుజాము, చింతపల్లి దారంతా మంచు. మా శ్రీమతి శాలువా కప్పుకుని, "త్వరగా తీయండీ, పళ్ళు కొట్టుకుంటున్నాయి" అంటోంది. క్లిక్! రెండు నిమిషాలాగి చూద్దుము గదా, గ్లాసుడు మజ్జిగ! ఫ్లాష్ వెలుగంతా మంచుకి కొట్టుకుని వెనక్కొచ్చింది. రెండోది పాలిపోయి వచ్చింది. సినిమాల్లో చూసిన అలవాటుకొద్దీ నేను దాన్ని టపటపా ఊపుతున్నాను.

"ఏమండీ, కాగితం చదివారా? ఊపకూడదట!"

చదివితే తెలిసింది. బొమ్మ కింద తెల్ల అంచు వెడల్పుగా ఉంటుంది చూశారూ? మందు అందులో దాగి ఉంటుంది. బయటికొచ్చేటప్పుడు రోలర్లు దాన్ని చిదిమి బొమ్మంతా పరుస్తాయి. పని మూసిన పొరల లోపలే జరుగుతుంది కనుక ఊపినా లాభం లేదు. పై కాగితం ఊడదీసే పాతకాలం ఫిల్ముని ఆరబెట్టిన అలవాటట అది! 5 డిగ్రీల కంటే చలి ఉన్నా, 40 డిగ్రీల కంటే ఎండ ఉన్నా మందు సరిగా పనిచేయదు. మూడోదాన్ని కోటు లోపలి జేబులో, గుండెకి ఆనించి దాచాను. అది కాస్త మనిషిలా వచ్చింది!

రెండో యాత్ర అరకు దారిలో అనంతగిరి. కాఫీ తోట పక్కన టీ కొట్టు కుర్రాడి చేతికి కెమేరా ఇచ్చాం. ఒక్కటే నొక్కు. ఆకుపచ్చ వెనకాల మేమిద్దరం, నా గడ్డం, ఆవిడ పసుపు చీర... అన్నీ కుదిరాయి. తెల్ల అంచు మీద ఆవిడ, "నేనూ, మీ అల్లుడూ. అనంతగిరి" అని రాసింది. ఆ బొమ్మ మా మావగారి కోసం.

మావగారు అనకాపల్లిలో సినిమాహాలు ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. కార్బన్ కడ్డీలు సరిచేస్తూ, తెర కుడి మూల చుక్క కనబడగానే రెండో ప్రొజెక్టరు అందుకున్న మనిషి. ఆయన్నిప్పుడు మరుపు జబ్బు పట్టుకుంది. కూతుర్ని గుర్తుపడతారు, నన్ను పట్టరు. "ఎవరు బాబూ మీరు? అమ్మాయి వస్తుంది, కూర్చోండి" అంటారు మర్యాదగా. ఆ మర్యాదే నన్ను కోసేది! ఫోనులో ఫొటో చూపిస్తే తెర ఆరిపోగానే, "కరెంటు పోయింది" అని తిరిగి ఇచ్చేసేవారు.

ఈ బొమ్మని మాత్రం రెండు అంచులూ పట్టుకుని, ఫిల్ము ముక్కని చూసినట్టు వెలుగుకేసి చూశారు. రాసింది చదివారు. నన్ను చూశారు. బొమ్మని చొక్కా జేబులో పెట్టుకున్నారు. అప్పట్నుంచీ నేను గుమ్మంలో నిలబడితే జేబు తడుముకోవడం, చదువుకోవడం, "రా అల్లుడూ" అనడం! 2000లో వచ్చిన మెమెంటోలో గాని, 2005 నాటి గజినీలో గాని కథానాయకుడు ఇలాంటి బొమ్మల మీద రాసుకునే కదండీ బతుకుతాడు! అది తెర మీద చూసి చప్పట్లు కొట్టినవాణ్ణి, మా ఇంట్లో చూసి మాట రాక నిలబడ్డాను.

ఇక నా ఘనకార్యం వినండి. ఒక ఆదివారం ఆ చొక్కాని జేబు చూడకుండా వాషింగ్ మెషీన్లో పడేశాను. పొరలు విడిపోయి, ముఖాలు చెరిగిపోయి వచ్చింది. నెగెటివ్ లేదు, రెండో కాపీ లేదు! ఆయన రెండు రోజులు జేబు తడుముకుంటూనే ఉన్నారు. మా శ్రీమతి నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే న్యాయం!

మరుసటి ఆదివారం మళ్ళీ అనంతగిరి. అదే టీ కొట్టు, అదే పసుపు చీర. కుర్రాడు మాత్రం వేరే. ఎండ వేరుగా పడింది, ఆవిడ నవ్వు కొంచెం తగ్గింది, నా గడ్డంలో తెలుపు కొంచెం పెరిగింది. ఎన్ని తీసినా పాత బొమ్మ రాలేదు. ఉన్నంతలో మంచిది తెచ్చి ఇచ్చాం. ఆయన చాలాసేపు చూసి, "ఇది వేరే రీలు" అన్నారు. మా గుండె జారిపోయింది.

"ఫరవాలేదు. కథ అదేగా!" అని జేబులో పెట్టుకున్నారు.

అదండీ సంగతి! ఇప్పుడు ఎక్కడికెళ్ళినా రెండేసి తీస్తున్నాం. ఒకటి జేబుకి, ఒకటి పెట్టెకి. మీరూ కొంటే నాలుగు మాటలు గుర్తుంచుకోండి. మంచులో దగ్గరగా తీయండి. కారులో ఎండకి వదలకండి. బాల్‌పెన్ను అంటుకోదు, మార్కరుతో పేర్లు రాయండి. ఉతికే ముందు జేబులు చూడండి!

నిన్న క్షవరం చేయించుకుని ఇంటికొచ్చాను. మావగారు బొమ్మ తీశారు, నన్ను చూశారు, మళ్ళీ బొమ్మని చూశారు. "గడ్డం తీసేశావేం అల్లుడూ?" అన్నారు.

ఇక గడ్డం పెంచుదామనుకుంటున్నాను.