తప్పు వెతకడమూ చదువే

ప్రతి ఏటా ఈ సంచికలో యువత బాధ్యత గురించీ, సమాజంలో విద్యార్థి పాత్ర గురించీ మంచి మంచి వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. వాటిని నేను కాదనటం లేదు. అయితే ఈసారి నేను రాయదలచుకున్నది అంత గొప్ప విషయం కాదు. మా హాస్టల్ గదిలో ఒక కంప్యూటర్ ఆగిపోయిన సంగతి. ఇది కూడా ఒక వ్యాసమేనా అని పెద్దలు నవ్వుకోవచ్చు. నవ్వినా సరే, చివరిదాకా చదవమని మనవి.

కంప్యూటర్ నా రూమ్మేటుది. ఐ5-10400ఎఫ్ ప్రాసెసరు, 16 జి.బి. ర్యామ్, 450 వాట్ల పవర్ సప్లై, జి.టి.ఎక్స్. 750 టి.ఐ. గ్రాఫిక్స్ కార్డు. ఆ కార్డు 2014లో బజారులోకి వచ్చిన మోడల్, దాని మెమరీ 2 జి.బి. మావాడి ఫైనలియర్ ప్రాజెక్టేమో పాత తెలుగు అచ్చు పుస్తకాల ఫోటోల్లోంచి అక్షరాలను కంప్యూటర్ చేత చదివించడం. దానికి ఆ కార్డు ఏ మూలకూ చాలదు. చివరికి వాళ్ళమ్మగారు చీటీ ఎత్తి డబ్బు పంపారు. ఆ డబ్బుతో సికిందరాబాదు పార్క్‌లేన్‌కు పోయి 12 జి.బి. ఆర్.టి.ఎక్స్. 3060 ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో తెచ్చాడు. ఇది 2025 ఫిబ్రవరి మాట. ప్రాజెక్టు రివ్యూకు అప్పటికి నాలుగు రోజులే ఉంది.

రాత్రి తొమ్మిదింటికి పాత కార్డు తీసి కొత్తది పెట్టాం. పవర్ సప్లై నుంచి వచ్చే ఎనిమిది పిన్నుల వైరు తగిలించాం. స్విచ్ వేశాం. ఫ్యాన్లు తిరిగాయి, లైట్లు వెలిగాయి, మానిటర్ మాత్రం ‘నో సిగ్నల్’ అని చూపించి నల్లబడి కూర్చుంది.

ఆ తర్వాత గంటన్నరలో మేం చేసిన ఘనకార్యాలు దాచకుండా చెబుతాను. ర్యామ్ బద్దలు రెండూ పీకి, పెన్సిల్ రబ్బరుతో తుడిచి, అటుదిటు ఇటుదటు మార్చాం. పాత కార్డు మళ్ళీ పెట్టాం, తీశాం. కొత్తది మళ్ళీ పెట్టాం. డిస్కు ఊడదీశాం. మానిటర్ మార్చాం. ప్రతిదానికీ ఒకసారి స్విచ్ వేయడం, నల్ల తెర చూడడం, ఇంకోటి పీకడం. పక్క గది మిత్రుడు తన పవర్ సప్లై వైరు తెచ్చి “ఇది పెట్టి చూడరా” అన్నాడు. ఆ వైరు మా దానిలో దూరలేదు కాబట్టి బతికిపోయాం. వైర్లు ఊడదీసి పెట్టుకునే రకం పవర్ సప్లైలలో కార్డు వైపు పిన్నులు అన్ని కంపెనీలవీ ఒకటే గాని, పవర్ సప్లై వైపు పిన్నుల వరస కంపెనీ కంపెనీకీ వేరుగా ఉంటుంది. దూరింది కదా అని పెడితే 12 వోల్టులు రాకూడని చోటికి వచ్చి, చీటీ డబ్బంతా ఒక్క క్షణంలో పొగైపోవచ్చు. ఈ సంగతి ఆనాడు మా ముగ్గురిలో ఒక్కడికీ తెలియదు. ముగ్గురమూ ఇంజనీరింగు నాలుగో సంవత్సరం విద్యార్థులమేనని మరవకండి!

తెల్లవారి ఒక రిపేరు షాపుకు మోసుకెళ్ళాం. ఆయన సైడు డోరు తీసి, ఒకసారి స్విచ్ వేసి చూసి, “మదర్‌బోర్డు కొట్టేసింది. 450 వాట్లకు 3060 ఎట్ల పెట్టిన్రు? బోర్డు, పవర్ సప్లై రెండూ మార్చాలె. పదమూడు వేలైతది” అన్నాడు. మావాడి మొహంలో నెత్తురు లేదు. మళ్ళీ ఇంటికి ఫోన్ చేయాలి. అమ్మకు ఏమని చెప్పాలి?

ఆయన మాటలో కొంత నిజం లేకపోలేదు. 3060కి 550 వాట్ల పవర్ సప్లై ఉండాలని తయారీ కంపెనీయే చెబుతుంది. అయితే కాస్త లెక్క వేయండి. కార్డు పూర్తి భారంతో పనిచేసినప్పుడు తినేది 170 వాట్లు. అందులో స్లాట్ ద్వారా 75 దాకా అందుతుంది, మిగతాది ఎనిమిది పిన్నుల వైరు ఇస్తుంది. దానికి 150 దాకా ఇచ్చే తాహతుంది. ప్రాసెసరుకు 65 వాట్లని రాసి ఉంటుంది. అది తెర మీద మొదటి అక్షరం కనిపించే వేళకు ఏ కార్డూ పూర్తి భారం మీద ఉండదు. పవర్ సప్లై చాలకపోతే సాధారణంగా పని మధ్యలో, లోడు పడ్డప్పుడు టక్కున ఆరిపోతుంది. మొదటి నిమిషంలోనే తెర రాకపోవడానికి అదే కారణమని చూడకుండా తేల్చేయడం తొందరపాటు. ఈ లెక్కకు కావలసిందంతా ఇంటర్మీడియెట్ ఫిజిక్సు. కాని మేము ఆ షాపులో నిలబడి ఈ లెక్క వేయలేదు, తల ఊపాం.

పెట్టె తిరిగి మోసుకొస్తుంటే ఎలక్ట్రానిక్స్ ల్యాబు అసిస్టెంటుగారు ఎదురుపడ్డారు. ఆయన డిగ్రీ ఏమిటో నాకు తెలియదుగాని, ఆ ల్యాబులో పాతికేళ్ళుగా ఉన్నారు. కథంతా విని ఒకటే అడిగారు: “లాస్టుకు ఎప్పుడు మంచిగ పనిచేసింది తమ్మీ?”

“నిన్న సాయంత్రం సార్, పాత కార్డుతో.”

“అయితే ముందుగాల ఆడికి పోదాం. పాత కార్డు పెట్టుండ్రి. వేరేదేం ముట్టకుండ్రి.”

పాత కార్డు పెట్టాం. తెర రాలేదు. మావాడు కూలబడ్డాడు, బోర్డు పోయిందన్నది ఖాయమైనట్టే అనుకున్నాడు. ఆయన మాత్రం సంతోషించినట్టు కనిపించారు! “అంటే ఇప్పుడున్న తప్పు కొత్త కార్డుది కాదు. నిన్న రాత్రి మీరే ఇంకోటి చేసిన్రు. ఆ మూల లైటు ఏం చెప్తుందో చూడు.”

చూశాం. బోర్డు అంచున నాలుగు చిన్న లైట్లు: ప్రాసెసరుకొకటి, ర్యామ్‌కొకటి, గ్రాఫిక్స్‌కొకటి, డిస్కుకొకటి. స్విచ్ వేయగానే కంప్యూటర్ తనను తాను పరీక్షించుకుంటుంది. 1981 నాటి ఐ.బి.ఎం. పి.సి. కూడా ఈ పని చేసి, ఫలితాన్ని బీప్ శబ్దాలతో చెప్పేది. ఈనాడు చాలా బోర్డుల మీద లైట్లు చెబుతున్నాయి. పరీక్ష ఎక్కడ ఆగిందో అక్కడ లైటు వెలిగి ఉంటుంది. మాకు ర్యామ్ లైటు వెలుగుతోంది. రాత్రంతా అది వెలుగుతూనే ఉండి ఉంటుంది. మేం మానిటర్‌నే చూస్తూ కూర్చున్నాం. ర్యామ్ బద్ద ఒక వైపు సరిగ్గా దిగలేదు. ఊడదీసి, నొక్కితే ‘టక్’ మంది. తెర వచ్చింది.

తర్వాత స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, కొత్త కార్డు పెట్టి, మానిటర్ కేబుల్ చేతిలోకి తీసుకున్నాడు మావాడు. అలవాటు కొద్దీ పెట్టె వెనక్కి చేయి పోనిచ్చి, పైన నిలువుగా ఉన్న హెచ్.డి.ఎం.ఐ. రంధ్రంలో దూర్చబోయాడు. ఆయన చెయ్యి పట్టుకున్నారు. “రాత్రి గూడ గందులనే పెట్టినవా?”

అదీ అసలు సంగతి! ఆ పై రంధ్రం మదర్‌బోర్డుది. ప్రాసెసరులోనే గ్రాఫిక్స్ ఉంటే దానిలోంచి బొమ్మ వస్తుంది. 10400 పక్కన ఉన్న ‘ఎఫ్’ అనే అక్షరానికి అర్థం ఆ గ్రాఫిక్స్ లేదని. రంధ్రం ఉంటుంది, బొమ్మ రాదు. కేబుల్ కింద అడ్డంగా ఉన్న కార్డు రంధ్రంలో పెట్టాలి. పెట్టాం. విండోస్ వచ్చింది. పదమూడు వేల జబ్బుకు మందు, కేబుల్ నాలుగంగుళాలు కిందికి జరపడం.

అంటే మొదటి తప్పు అతి చిన్నది. దాని మీద మేము కంగారుతో రెండో తప్పు తెచ్చి పేర్చాం. అందుకే రాత్రి పాత కార్డు తిరిగి పెట్టినా తెర రాలేదు, అందుకే షాపాయన బోర్డు పోయిందన్నాడు. ఒకసారికి ఒక్కటే మార్చి, మార్చినది కాగితం మీద రాసుకుని ఉంటే పదిహేను నిమిషాల్లో తేలేది. బయోస్ సెట్టింగులు చెరిపేయడానికి నాణెం ఆకారపు బ్యాటరీ తీద్దామని కూడా రాత్రి నేనే అన్నాను. తీసి ఉంటే మూడో చిక్కు వచ్చేదేమో. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉన్న మెషీన్లలో అలాంటి మార్పుల తర్వాత ఒక్కోసారి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది ఎక్కడ రాసిపెట్టుకున్నాం?

ఇక నా ఫిర్యాదు. కోపగించకుండా వినండి. నాలుగేళ్ళలో మేము రాసిన ప్రాక్టికల్ రికార్డులు తీసి చూడండి. వాటిలో ఒక్క ప్రయోగమూ విఫలం కాలేదు! ప్రతి గ్రాఫూ గీత గీసినట్టు వస్తుంది, ప్రతి ప్రోగ్రామూ మొదటిసారే నడుస్తుంది. ఎలా వచ్చిందో మనందరికీ తెలుసు, సీనియర్ల రికార్డులోంచి వచ్చింది. రీడింగు తప్పు వస్తే ఎందుకు వచ్చిందని అడిగేవారు లేరు, కొట్టేసి ‘సరైనది’ వేయమంటారు. పరీక్షలో ప్రయోగం పనిచేయకపోతే మార్కులు పోతాయి గనుక, పనిచేయకపోవడం అనేది మా దృష్టిలో ఒక నేరం. ఇలా చదివినవాడు నల్ల తెర ముందు కంగారు పడక ఏం చేస్తాడు?

సిలబస్‌లో స్థలం లేదని లెక్చరర్లు అంటారు, సామాను పాడవుతుందని స్టోర్సు వారంటారు. రెండో దానికి జవాబు మన స్టోర్‌రూములోనే ఉంది. కండెమ్ చేసిన కంప్యూటర్లు దుమ్ము కొట్టుకుని పడి ఉన్నాయి. వాటిలో నాలుగు ల్యాబులో పెట్టి, రోజుకొక తప్పు కావాలని చేసి, కనుక్కోమనండి. ఒకరోజు వైరు వదులు చేయండి. ఒకరోజు కార్డును స్లాట్‌లో సగమే దించండి. ఇంకోరోజు యు.ఇ.ఎఫ్.ఐ. రాని పాత కార్డు పెట్టి, బయోస్‌లో పాత పద్ధతిని ఆపేయండి. అన్నీ బాగుండి కూడా తెర ఎందుకు రాదో అప్పుడు తెలుస్తుంది. మార్కులు తప్పు దొరికినందుకు కాక, ఏ వరసలో వెతికారో రాసినందుకు ఇవ్వండి. మొదటి దానికి, అంటే సిలబస్‌కు, నా దగ్గర జవాబు లేదు. అది బోర్డ్ ఆఫ్ స్టడీస్ చేతిలో ఉంది. యూనియన్ చేతిలో ఉన్నది మాత్రం ఒకటుంది. బాగున్నట్టు రుజువైన పవర్ సప్లై ఒకటి, పాత కార్డు ఒకటి, ర్యామ్ బద్దలు రెండు, ఒక మల్టీమీటరు కొని హాస్టల్ ఆఫీసులో ఉంచడం. మన వార్షికోత్సవం స్టేజీ డెకరేషన్‌లో పదో వంతు కూడా కాదది.

రివ్యూ బాగానే జరిగింది. మావాడు రిపోర్టు చివర ఒక పేజీ అదనంగా రాశాడు. కంప్యూటర్ ఎందుకు ఆగింది, మేం ఏమేం పీకాం, ఏ వరసలో తిరిగి వచ్చాం అన్నీ వేళలతో సహా. గైడుగారు చదివి, “బాగుంది గాని ఇది రిపోర్టులో ఉండకూడదు, ఎక్స్‌టర్నల్ చూస్తే బాగుండదు” అని ఆ పేజీ తీయించారు. బైండింగు అది లేకుండానే అయింది. ఆ కాగితం ఇప్పుడు మా గది తలుపు వెనక అంటించి ఉంది. గత నెల కింది అంతస్తు నుంచి ఇద్దరు జూనియర్లు వచ్చి, ఫోన్లో ఫోటో తీసుకుపోయారు.