షుగరు తేలిన మొదటి నెల: మాట తెలుగులో అందాలి



ముంబయి కామాఠీపురా గల్లీల్లో ఉచిత శిబిరం పెట్టిన రోజున వేలికొన నుంచి చుక్క రక్తం తీసి, మీటరులో అంకె చూసి షుగరుందని చెప్పేయడం మామూలైంది. ఆ అంకె అనుమానించడానికి పనికొస్తుంది, రోగం ఖాయం చేయడానికి చాలదు. నరం నుంచి తీసిన రక్తంలో పరగడుపున డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములు, 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళు తాగిన రెండు గంటలకు 200, లేదా హెచ్‌బీఏ1సీ 6.5 శాతం: వీటిలో ఏదైనా ఆ మేరకు గానీ, అంతకు మించి గానీ ఉంటే మధుమేహం అంటారు. అతిదాహం, అతిమూత్రం, బరువు తగ్గడం వంటి లక్షణాలేవీ లేని మనిషికి రెండో పరీక్ష కూడా చేసి నిర్ధారించాలి. మాత్ర మొదలుపెట్టేలోపు ఈ ల్యాబు కాగితం చేతిలో ఉండాలి. పిల్లలు, యువకులు ఉన్నట్టుండి చిక్కిపోయి, వాంతులతో, ఎగశ్వాసతో ఉంటే మాత్రం ఏ శిబిరం కోసమూ ఆగకూడదు. వాళ్ళకు ఆ రోజే పెద్దాసుపత్రిలో ఇన్సులిన్ అవసరం కావచ్చు.

పెద్దాసుపత్రులు కామాఠీపురాకు, మా నాగ్‌పాడాకు దూరం కావు. 1845 నాటి జేజే ఒకవైపు, నాయర్ మరోవైపు ఉన్నాయి. 2022 నుంచి మహానగర పాలిక ‘ఆప్లా దవాఖానా’లు తెరిచి వైద్య సలహా, మామూలు మందులు ఉచితంగా ఇస్తోంది. దూరమల్లా భాష దగ్గరే. నిజాం ఏలుబడిలోని తెలుగు జిల్లాల నుంచి కూలికి వచ్చిన కామాఠీల పేరు పెట్టుకున్న పేటలో మందుచీటీ ఇంగ్లీషులో ఉంటుంది, దాన్ని వివరించే మాట మరాఠీలోనో హిందీలోనో వస్తుంది. కూరగాయలు బేరమాడే హిందీ ఈ చాళ్ళలో, అంటే ఒంటి గదుల వరస ఇళ్ళలో, అందరికీ వచ్చు. ఏ మాత్ర తిండికి ముందు, ఏది తర్వాత, కళ్ళు తిరిగితే ఏం చేయాలి అన్నవి అర్థం చేసుకోవడానికి ఆ హిందీ సరిపోదు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని అంచనా వేసింది. ఇంతమందికి వచ్చే జబ్బు గురించి మొదటి నెలకు సరిపడే ఒక్క పేజీ తెలుగులో అచ్చువేసి ఇవ్వడం పాలికకు భారం కాదు. ఆ పేజీని చదివి వినిపించగల చదువుకున్న పిల్లలు ప్రతి చాళ్ళోనూ ఉన్నారు.

ఆ పేజీలో మందుల సంగతి ముందుండాలి. చాలామందికి మొదట రాసేది మెట్‌ఫార్మిన్. దాన్ని తిండితో పాటు వేసుకోవాలి. తొలి రోజుల్లో కడుపు తిప్పినా, విరేచనాలైనా సాధారణంగా కొద్ది వారాల్లో సర్దుకుంటుంది, కాబట్టి డాక్టరును అడగకుండా మానకూడదు. గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు వేసుకుని తిండి తప్పితే రక్తంలో చక్కెర 70 కన్నా దిగువకు పడిపోవచ్చు. అప్పుడు చెమట, వణుకు, ఆకలి, తడబాటు కనిపిస్తాయి. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, పావుగంట తర్వాత మళ్ళీ చూడాలి. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయకూడదు. ఉపవాసముండే వాళ్ళు ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి. పక్క ఖోలీ (గది) వారి మాత్ర తనకూ పనిచేస్తుందనుకోవడం ప్రమాదం. దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి నిజామాబాదు వైపు పెళ్ళికి పోయేవాళ్ళు అక్కడుండే రోజులకు సరిపడా మాత్రలు మూటలో వేసుకోవాలి. ‘షుగరు తగ్గింది’ అని మాత్ర ఆపేవాళ్ళు, ఆ తగ్గడం మాత్ర వల్లనేనని తెలియక ఆపుతున్నారు.

తిండి విషయంలో భయం ఎక్కువ, లెక్క తక్కువ. అన్నం పూర్తిగా మానేసి చపాతీలు కడుపునిండా తింటే ఒరిగేదేమీ లేదు, గోధుమైనా జొన్నరొట్టైనా రక్తంలో చక్కెరయ్యేదే. అన్నం ఎంత అన్నదే ముఖ్యం. కంచంలో సగం కూర, పావు భాగం పప్పో గుడ్డో చేపో, మిగతా పావు అన్నమో రొట్టో పెట్టుకుంటే చాలు. అన్నిటికన్నా ముందు చూడాల్సింది చాయ్. రోజుకు ఐదుసార్లు, ప్రతిసారీ రెండు చెంచాల చక్కెరతో తాగేవారికి చెంచాకు నాలుగైదు గ్రాముల లెక్కన నలభై యాభై గ్రాములు చాయ్‌లోనే పోతోంది. పది బై పది ఖోలీలో, ఒకే పొయ్యి మీద, రోగికి వేరే వంట కుదరదు. ఇంటిల్లిపాదీ తినేదే మార్చాలి, అందుకే డాక్టరు దగ్గరికి వంట చేసే మనిషి కూడా వెళ్ళడం అవసరం. బాస్కెట్‌బాల్‌కు పేరుపడ్డ నాగ్‌పాడాలో నడవడానికి మాత్రం బండ్ల మధ్య జాగా వెతుక్కోవాలి. అయినా తిన్న తర్వాత పది పదిహేను నిమిషాల చొప్పున వారానికి 150 నిమిషాలు నడవగలిగితే మందుకు అది పెద్ద తోడు.

చాళ్ళ బతుకులో కనిపించే చిక్కు ఒకటుంది. మరుగుదొడ్డి వరండా చివర, అందరిదీ. చక్కెర ఎక్కువై రాత్రి నాలుగైదుసార్లు లేవాల్సి వస్తే, ఆ బాధ తప్పించుకోవడానికి ఆడవాళ్ళు నీళ్ళు తాగడం మానేస్తారు. మూత్రంతో నీరు పోతూనే ఉండి, లోనికి నీరు రాకపోతే ఒళ్ళు ఎండిపోయి పరిస్థితి విషమిస్తుంది. చక్కెర అదుపులోకి వస్తే ఆ లేవడాలూ తగ్గుతాయని వాళ్ళకు ఎవరో ఒకరు చెప్పాలి. వానాకాలం రోడ్డు మీద నిలిచిన నీళ్ళలో నడిచొచ్చాక పాదాలు కడిగి, వేళ్ళ సందులు పొడిగా తుడిచి, చిన్న గీత పడ్డా చూసుకోవాలి. స్పర్శ తగ్గిన కాలికి గాయం తెలియదు. మధుమేహం ఉన్నవారికి క్షయ సోకే ముప్పు రెండు మూడింతలు. గాలి ఆడని గదుల్లో ఇది చిన్న విషయం కాదు, రెండు వారాలకు మించిన దగ్గుకు తెమడ పరీక్ష చేయించాల్సిందే.

పెద్దవారిలో ఈ జబ్బు తెలిసేసరికే ఏళ్ళు గడిచి ఉండవచ్చు. అందుకని మొదటి నెలలోనే కంటి లోపలి పొర, మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్, కొవ్వు, బీపీ, పాదాల స్పర్శ చూపించుకోవాలి. హెచ్‌బీఏ1సీ ఎర్ర రక్తకణాలకు అంటిన చక్కెరను కొలుస్తుంది, ఆ కణం ఆయుష్షు సుమారు 120 రోజులు కనుక ఆ పరీక్ష మళ్ళీ చేయించేది మూడు నెలలకు. ఆ తేదీ కూడా తెలుగు పేజీ అడుగున, చేత్తో రాసి ఇవ్వాలి.

ఒక పాఠకుడు,
నాగ్‌పాడా, ముంబయి