వాస్తు సరే... గాలి మాటేమిటి?

రాయదుర్గానికి 2019 నవంబరులో మెట్రో వచ్చింది. స్టేషన్ చుట్టుపక్కల ఎటు చూసినా ఆకాశాన్నంటే మేడలే. అక్కడ ఫ్లాట్ కొనబోయేవాళ్లు ముందుగా అడిగేది ఒకటే... 'ఈస్ట్ ఫేసింగేనా?' వంటిల్లు ఆగ్నేయంలో ఉందా, ఈశాన్యంలో బరువు లేదు కదా... ఇవన్నీ తేలాకే అడ్వాన్సు. గాలి ఎటునుంచి వచ్చి ఎటు పోతుందని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. ఏసీ ఉందిగా!

పాతకాలంలో ఇల్లు కట్టుకున్నవాళ్లకు ఆ ధీమా లేదు. ఎండకైనా చలికైనా ఇల్లే దిక్కు. కొరియావాళ్ల సంప్రదాయ ఇల్లు 'హానోక్'నే చూడండి. అక్కడ చలికాలం నీళ్లు గడ్డకడతాయి, వేసవిలో ఉక్కపోత. రెంటికీ ఒకే ఇంట్లో జవాబు వెతుక్కున్నారు. పొయ్యిలోని వేడీ పొగా గదుల నేల కిందుగా, రాతి పలకల అడుగునుంచి పాకుతూ వెళ్లి అవతలి పొగగొట్టంలోంచి బయటపడతాయి. అన్నం ఉడికించే మంటే పడకగదినీ వెచ్చబరుస్తుందన్నమాట. ఆ ఏర్పాటు పేరు 'ఒందోల్'. ఇక 'మారు' అనే చెక్క నేల వేసవి కోసం. అది భూమికి ఎత్తులో ఉంటుంది కాబట్టి కిందనుంచీ గాలి ఆడుతుంది. ముందు వాకిలిని చెట్లు లేకుండా ఖాళీగా వదిలేస్తారు. ఎండకు ఆ నేల వేడెక్కి గాలి పైకి లేస్తే, పెరటి వైపు చల్లగాలి ఇంట్లోంచి ఇటు వస్తుంది. ఇలాంటి ఇళ్లున్న హాహ్వే, యాంగ్‌దోంగ్ అనే ఊళ్లను యునెస్కో 2010లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మనవాళ్లూ తక్కువ తినలేదు. కోస్తాలో మండువా లోగిలి, తెలంగాణలో భవంతి... పేరేదైనా పద్ధతి ఒకటే. నాలుగు వైపులా గదులు, వాటి ముందు వసారాలు, నడుమ ఆకాశం! వేడిగాలి పైకి పోతుంది. వసారాల్లో ఎప్పుడూ ఏదో ఒక వైపు నీడ ఉంటుంది. వాన పడితే పెంకుల మీంచి జారిన నీళ్లు మధ్య గుంటలోకి చేరి తూములోంచి బయటికి పోతాయి. మందపాటి మట్టిగోడలు ఎండను అంత తొందరగా లోపలికి రానివ్వవు.

అలాగని ఆ ఇళ్లన్నీ స్వర్గాలేం కాదు. పెద్దింటి హానోక్‌లో మగవాళ్ల సావిడి వేరు, ఆడవాళ్ల లోగిలి వేరు. మన దగ్గరా వీధరుగు మగవాళ్లది, పెరటి దారి ఆడవాళ్లది. అన్నదమ్ములు విడిపోతే మండువా మధ్యలో గోడ లేచేది. పెంకులు సర్దించుకోవడం ఏటా ఓ ఖర్చు. కాలం మారాక అవి నిలవకపోవడంలో వింతేముంది?

కొరియావాళ్లూ హానోక్‌లు వదిలేశారు. ఇప్పుడు ఆ దేశంలో సగానికి పైగా ఇళ్లు అపార్ట్‌మెంట్లే. కానీ వాళ్లు పోతూపోతూ ఒందోల్‌ని వెంట తీసుకెళ్లారు. పొయ్యి బదులు బాయిలరు, పొగ బదులు నేల కింద గొట్టాల్లో వేణ్నీళ్లు. ఇరవయ్యో అంతస్తులోనూ కాలికింద వెచ్చదనమే! మనం మాత్రం పాత ఇంటి నుంచి ఫ్లాట్‌లోకి దిక్కుల్ని తెచ్చుకున్నాం. గాలినీ నీడనూ అక్కడే వదిలేశాం.

ఫ్లాట్‌కో మండువా కుదరదు, నిజమే. ఎదురెదురు కిటికీలు కుదురుతాయి కదా! పడమటి అద్దాలకు చూరులాంటి సన్‌షేడు, బ్లాకుల మధ్య పైపుల కోసం వదిలే ఇరుకు సందుకు బదులు నాలుగు మొక్కలు పెరిగే జాగా... అడిగితే బిల్డర్లూ ఆలోచిస్తారు. అడగనిదే ఎవరిస్తారు?

ఈసారి ఫ్లాట్ చూడ్డానికి వెళ్లినప్పుడు మిట్టమధ్యాహ్నం వెళ్లండి. ఏసీ, ఫ్యాను ఆపించి పది నిమిషాలు కూర్చోండి. చొక్కా తడిసి ముద్దయిందా? వాస్తు ఎంత బాగున్నా, నెలనెలా కరెంటు బిల్లు కట్టాల్సింది మీరే!