పిల్ల తిరిగొచ్చింది, కట్నం రాలేదు

పెళ్లికొడుకు వయసు 29. పైగా రెండో సంబంధం. పెళ్లికూతురికి ఏడేళ్లు నిండడానికి ఇంకా కొద్ది రోజులుంది. 1396 నవంబర్‌లో కలే పట్టణంలో జరిగిన ఈ పెళ్లిలో వరుడు ఇంగ్లండ్ రాజు రెండో రిచర్డ్, వధువు ఫ్రాన్స్ రాజు ఆరో చార్లెస్ కూతురు ఇసబెల్లా. మధ్యయుగాల్లో ఫ్రెంచి రాకుమార్తెలను పసితనంలోనే పరాయి దేశాలకు పంపడం కొత్తేమీ కాదు. 1179లో ఏడో లూయీ కూతురు ఆగ్నెస్‌ను బైజాంటియం యువరాజుకిచ్చి చేయడానికి కాన్‌స్టాంటినోపుల్ పంపినప్పుడు ఆమెకు ఎనిమిదేళ్లు. కాకపోతే ఇసబెల్లా పెళ్లి బేరం మాత్రం పైసలతో సహా రికార్డుల్లో ఉంది.

1337లో మొదలైన యుద్ధంతో రెండు దేశాలూ అలసిపోయి ఉన్నాయి. 28 ఏళ్లపాటు కత్తి దూయకూడదని ఒప్పందం కుదిరింది. దానికి ముద్ర ఈ పెళ్లి. కట్నం 8 లక్షల ఫ్రాంకులు. పెళ్లినాడు 3 లక్షలు, మిగతాది ఏడాదికి లక్ష చొప్పున వాయిదాల్లో. ఇంగ్లండ్ రాయబారులు మోకాళ్లపై కూర్చుని మా రాణివి అవుతావా అని అడిగితే, దేవుడికీ నాన్నకూ ఇష్టమైతే తనకూ ఇష్టమేనని, చాలా పెద్ద రాణివవుతావని అందరూ చెబుతున్నారని ఆ పిల్ల బదులిచ్చినట్లు ఆనాటి చరిత్రకారుడు ఫ్రాయిసార్ రాశాడు. ఎవరు నేర్పితే చెప్పిందో ఊహించడం కష్టం కాదు. అప్పటికి నాలుగేళ్లుగా తండ్రికి ఉండుండి మతి చలిస్తోంది. ఆ తర్వాతి రోజుల్లో ఆయన తన ఒళ్లు గాజుదని, ఎవరైనా తాకితే పగిలిపోతానని భయపడేవాడట.

రిచర్డ్ చెడ్డ రాజని పేరు తెచ్చుకున్నాడు కానీ ఈ పిల్ల విషయంలో మాత్రం చెడ్డవాడు కాదు. ఆమెను విండ్సర్‌లో విడిగా ఉంచి, అప్పుడప్పుడూ వెళ్లి చూసి వచ్చేవాడు. 1399లో ఐర్లండ్ దండయాత్రకు బయల్దేరుతూ ఆమెను ఎత్తుకుని పదే పదే ముద్దాడాడని ఒక ఫ్రెంచి కథనం. మళ్లీ చూడలేదు. ఆయన అటు వెళ్లగానే దాయాది హెన్రీ సింహాసనం లాక్కున్నాడు. 1400 ఫిబ్రవరిలో రిచర్డ్ పాంటిఫ్రాక్ట్ కోటలో బందీగానే చనిపోయాడు. పదేళ్లకే ఇసబెల్లా వితంతువు అయింది.

అసలు రగడ అక్కడే మొదలైంది. భర్త పోయాడు కాబట్టి పిల్లనూ, కట్టిన కట్నంలో రావలసిన భాగాన్నీ పంపమని పుట్టింటివారు అడిగారు. కొత్త రాజు నాలుగో హెన్రీ ఖజానా ఖాళీ. పిల్లను ఇంట్లోనే ఉంచుకుంటే డబ్బు ఇవ్వక్కర్లేదని లెక్కేసి, తన కొడుకు యువరాజు హెన్రీకి చేసుకుంటానన్నాడు. మొగుడి గద్దె లాక్కున్నవాడి కొడుకుతో సంబంధమా అని ఫ్రాన్స్ ఒప్పుకోలేదు. అప్పుడు ఇంగ్లండ్ పాత పద్దు తీసింది. 1356లో పోయ్తియర్ యుద్ధంలో పట్టుబడిన రెండో జాన్ విడుదలకు ఒప్పుకున్న సొమ్ములో చాలా భాగం బాకీ ఉందని, దానికింద ఇది చెల్లు అని వాదించింది. ఆ జాన్ ఇసబెల్లాకు ముత్తాత. ముత్తాత బాకీకి మునిమనవరాలి కట్నం జమ! చివరికి 1401 వేసవిలో కలే దగ్గర పిల్లను అప్పగించారు. కట్నం సొమ్ము రాలేదు.

పుట్టింట్లోనూ ఆమెను ఊరికే ఉండనివ్వలేదు. 1406లో పినతండ్రి కొడుకు చార్లెస్‌కిచ్చి చేశారు. ఈసారి పెళ్లికూతురికి 16, పెళ్లికొడుక్కి 11. ఇంగ్లండ్ రాణి హోదా పోతున్నందుకు పెళ్లిపీటల మీద ఆమె ఏడ్చిందని చెబుతారు. 1409 సెప్టెంబర్‌లో ఆడపిల్లను కని, బ్లోయిస్‌లో కన్నుమూసింది. ఇరవై ఏళ్లు కూడా నిండలేదు.

ఇసబెల్లా ఇల్లు చేరిన మూడు నెలలకు ఆమెకు కేథరిన్ అనే చెల్లెలు పుట్టింది. అక్కకు తప్పిపోయిన ఆ యువరాజే ఐదో హెన్రీగా రాజై, 1414లో ఈ చెల్లెల్ని అడిగాడు. కట్నం 20 లక్షల క్రౌన్లు కావాలన్నాడు. బేరం తెగలేదు. మరుసటి ఏడు అజన్‌కూర్ యుద్ధంలో ఫ్రెంచి సైన్యాన్ని తుడిచిపెట్టాడు. బందీలుగా పట్టుకెళ్లినవారిలో ఇసబెల్లా భర్త చార్లెస్ కూడా ఉన్నాడు. ఆయన 25 ఏళ్లు అక్కడే ఉండిపోయి కవిత్వం రాసుకున్నాడు. 1420లో ట్రోయెస్‌లో హెన్రీ, కేథరిన్‌ల పెళ్లి జరిగింది. ఈసారి ఆయన కట్నం అడగలేదు. మామగారి తర్వాత ఫ్రాన్స్ సింహాసనం తనదేనని రాయించుకున్నాడు.