కలాకంద్‌కి అంటిన కళంకం

అమెరికాలో జులై 4 అంటే పొద్దున పెరేడ్, మధ్యాహ్నం పార్కులో గ్రిల్లు, రాత్రికి బాణాసంచా. మన తెలుగువాళ్ళకైతే దాంతోపాటు తలా ఒక వంటకం పట్టుకెళ్ళే పాట్‌లక్ కూడా. ఈసారి స్వీటు నా వంతు. కలాకంద్ చేసి పట్టుకెళ్ళా.

రెండు ముక్కలు లాగించి మూడోది అందుకుంటూ ఒక అంకుల్ గారు "ఎలా చేశావోయ్?" అన్నారు. "రికోటా చీజు, కండెన్స్‌డ్ మిల్కు డబ్బా అంకుల్" అన్నా. "ఓస్, అంతేనా! మా ఇంట్లో అయితే పాలు విరగ్గొట్టే చేస్తారు" అనేశారు. చేస్తారట! ఎవరు చేస్తారో మాత్రం చెప్పలేదు. ఆయన కాదని నాకు తెలుసు.

ఒళ్ళు మండింది. అందుకే ఈ టపా.

అసలు కలాకంద్ అంటే ఏంటండీ? విరిగిన పాలు, మరిగి చిక్కబడ్డ పాలు, పంచదార కలిపి దగ్గరపడేదాకా తిప్పడం. రికోటా కూడా వేడి మీద పులుపుతో విరగ్గొట్టిందే. కండెన్స్‌డ్ మిల్కంటే నీళ్ళు ఇగిర్చి పంచదార కలిపిన పాలే. పాలని అలా చిక్కబరిచే పద్ధతికి గెయిల్ బోర్డెన్ 1856లోనే పేటెంటు తీసుకున్నాడు. మరి ఇందులో మోసం ఎక్కడుంది? గరిట తిప్పే పని కొంత ఫ్యాక్టరీ చేసింది, అంతే.

ఆఫీసులో మనం సార్టింగ్ కోడ్ సొంతంగా రాస్తున్నామా? ఎవడో రాసిన లైబ్రరీ తగిలించి, అప్రైజల్లో "నేనే చేశా" అని రాసుకోవట్లేదూ? అక్కడ తెలివి అయినది వంటింట్లో బద్ధకం ఎలా అవుతుంది?

పోయినేడు ఇదే పార్టీకి మా అక్క గాలన్ పాలు పొయ్యి మీద పెట్టుకుని పొద్దుటినుంచీ అక్కడే నిలబడింది. వాళ్ళబ్బాయి సైకిలుకి జెండా కట్టుకుని పెరేడ్‌లో వెళ్ళడం ఫోన్లో వీడియో చూసుకుంది. మేమందరం పెరేడ్ దగ్గరే ఉన్నాం. సాయంత్రం "అథెంటిక్‌గా ఉందక్కా" అని మెచ్చుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. సిగ్గేస్తోంది.

అడ్డదారులన్నీ గొప్పవని అనట్లేదు. కొన్న పౌండ్ కేకు మీద కూల్‌విప్ రాసి, స్ట్రాబెర్రీలూ బ్లూబెర్రీలూ జెండాలా పేర్చండి, బాగుంటుంది. కానీ ఆ కూల్‌విప్‌ని మీగడ అని చెప్పకండి, అందులో మీగడ కంటే నూనే ఎక్కువ. ఏం వేశామో చెప్పేస్తే చాలు, తప్పు లేదు.

కావాలంటే రాసుకోండి: 15 ఔన్సుల రికోటా డబ్బా, 14 ఔన్సుల కండెన్స్‌డ్ మిల్కు డబ్బా, కప్పు పాలపొడి. సన్నసెగ మీద అరగంట కలిపితే అంచులు వదిలి ముద్దవుతుంది. యాలకుల పొడి వేసి, పళ్ళెంలో పరిచి, ఫ్రిజ్‌లో చల్లారాక ముక్కలు కోయండి. పార్కులో ఎండకి పెట్టకండి, కూలర్లో ఉంచండి.

అంకుల్ గారూ, వచ్చే జులైకి స్వీటు మీ వంతు. పాలు విరగ్గొట్టే చెయ్యండి. మీరే చెయ్యండి. గాలన్ పాలు నేను కొనిస్తా :)