బట్టలు విప్పినా ఫోన్ నంబర్ విప్పొద్దు

'నేచురిస్ట్' అనే మాట వినగానే మనలో సగం మందికి చెట్లు, పక్షులు, ట్రెక్కింగ్ గుర్తొస్తాయి. మిగతా సగానికి ప్రకృతి వైద్యం, పొట్ట మీద మట్టి పట్టీ గుర్తొస్తాయి. రెండూ కాదు ఫ్రెండ్స్. నేచురిస్టులంటే బట్టల్లేకుండా, కలిసి, ఏ లైంగిక ఉద్దేశం లేకుండా ఎండలో కూర్చోవడం, ఈత కొట్టడం, వాలీబాల్ ఆడటం ఇష్టపడేవాళ్లు. జర్మనీ, ఫ్రాన్స్ లాంటి దేశాల్లో వీళ్లకు క్లబ్బులున్నాయి. దేశాల సంఘాలన్నీ కలిసి 1953లో ఫ్రాన్స్‌లోని మోంటాలివేలో అంతర్జాతీయ సమాఖ్య పెట్టుకున్నాయి. 1974లో ఆ సమాఖ్య ఇచ్చిన నిర్వచనంలో నగ్నత్వం ఒక్కటే లేదు. తన మీద గౌరవం, పక్కవాళ్ల మీద గౌరవం, ప్రకృతి మీద గౌరవం అని కూడా రాసుకున్నారు.

"ఇది మనకెందుకు బాస్? మనది బిచ్కుంద, బెర్లిన్ కాదు గదా" అంటారా? ఆగండి. ఈ వారం నేను చెప్పేది బట్టల గురించి తక్కువ, లిస్టుల గురించి ఎక్కువ. తమ పేరు బయటికొస్తే ఉద్యోగం, పెళ్లి, పరువు పోతాయని భయపడే సభ్యులున్న సంఘాన్ని ఎవరైనా ఎలా నడుపుతారు? "ఆదివారం మీటింగ్ ఉంది" అన్న ఒక్క ముక్క వాళ్లకు ఎలా చేరవేస్తారు? సాఫ్ట్‌వేర్ వాడిగా నాకు ఇదే అసలు పజిల్. ఈ పజిల్‌ను మనుషులు నూట ముప్పై ఏళ్లుగా విప్పుతూనే ఉన్నారు.

ముందు మన గడ్డ సంగతి

మా బిచ్కుందకు బోధన్ పెద్ద దూరమేం కాదు. బోధన్ పాత పేరు పోదనపురం అని చాలామంది చరిత్రకారులు చెప్తారు. జైన కథల్లో అది బాహుబలి రాజ్యం. ప్రభాస్ బాహుబలి కాదు, అసలు బాహుబలి. అన్న భరతుడి మీద గెలిచి, గెలిచిన క్షణంలోనే అన్నీ వదిలేసి, ఒంటి మీద నూలుపోగు లేకుండా తపస్సుకు నిలబడ్డాడు. పోదనపురంలోని బాహుబలి విగ్రహాన్ని చూడాలని తల్లి కోరితే, ఆ ప్రయాణం కుదరక చావుండరాయుడు శ్రావణబెళగొళలో కొండ మీదే ఒక విగ్రహం చెక్కించాడని కథ. పదో శతాబ్దం చివర నిలబెట్టిన, సుమారు 57 అడుగుల ఆ గోమఠేశ్వరుడికి కుటుంబాలు పిల్లాపాపలతో వెళ్లి దండం పెట్టుకుంటాయి. ఎవరూ కళ్లు మూసుకోరు.

మన వేమన్న బొమ్మ గుర్తు తెచ్చుకోండి. బట్టలుండవు. పన్నెండో శతాబ్దపు అక్క మహాదేవి బట్టలొదిలి, జుట్టునే వస్త్రం చేసుకుని శ్రీశైలం దాకా నడిచిందని చెప్తారు. ఇక 1965లో హైదరాబాద్ కేంద్రంగా ఆరుగురు కవులు 'దిగంబర కవులు' అని పేరే పెట్టుకున్నారు. వాళ్లు విప్పింది సమాజం ముసుగుల్ని, చొక్కాల్ని కాదు. మొదటి సంపుటిని ఒక రిక్షా కార్మికుడితో అర్ధరాత్రి ఆవిష్కరింపజేశారు.

అంటే నగ్నత్వం మనకు కొత్త కాదు. కానీ మనం దాన్ని ఒప్పుకునేది ఒక్క షరతు మీదే. ఆ మనిషి అన్నీ వదిలేసి ఉండాలి. సన్యాసికి ఈఎంఐ ఉండదు, హెచ్‌ఆర్ ఉండదు, మేనమామలుండరు. నేచురిస్ట్ క్లబ్ మెంబర్‌కు ఇవన్నీ ఉంటాయి. ఆదివారం విప్పిన బట్టలు సోమవారం వేసుకుని ఆఫీసుకు పోవాలి. చిక్కంతా అక్కడే.

ఇంకో సరదా సంగతి. అలెగ్జాండర్ మన వైపు వచ్చినప్పుడు తక్షశిల దగ్గర కనిపించిన నగ్న సాధువులను గ్రీకులు 'జిమ్నోసోఫిస్టులు' అన్నారు, అంటే నగ్న జ్ఞానులు. రెండు వేల ఏళ్లు దాటాక, 1922లో ఇంగ్లండ్ నేచురిస్టులు పెట్టుకున్న సంఘం పేరు ఇంగ్లిష్ జిమ్నోసాఫికల్ సొసైటీ. మన బ్రాండ్, వాళ్ల ఫ్రాంచైజీ!

1891: ముగ్గురు సభ్యుల సంఘం

ఇప్పుడు అసలు కేసు. ప్రపంచంలో రికార్డుకెక్కిన తొలి నేచురిస్ట్ క్లబ్బుల్లో ఒకటి పుట్టింది మన దేశంలోనే. 1891లో బొంబాయి ప్రెసిడెన్సీలో. పేరు 'ఫెలోషిప్ ఆఫ్ ది నేకెడ్ ట్రస్ట్'. పెట్టినాయన చార్లెస్ ఎడ్వర్డ్ గోర్డన్ క్రాఫోర్డ్ అనే ఆంగ్లేయుడు. ఉద్యోగం? జిల్లా, సెషన్స్ జడ్జి! సభ్యులు మొత్తం ముగ్గురు. జడ్జిగారు, ఒక మిషనరీ కొడుకులిద్దరూ.

పగలు కోర్టులో గౌను వేసుకుని తీర్పులు చెప్పే మనిషి, సెలవు రోజున అది తీసేసి కూర్చోవడానికి ఒక సంఘం పెట్టాడు. బయటపడితే ఏమయ్యేదో ఊహించుకోండి. ఈ విషయాలన్నీ ఆయన ఇంగ్లండ్‌లో ఉన్న రచయిత ఎడ్వర్డ్ కార్పెంటర్‌కు ఉత్తరాల్లో రాశాడు. తర్వాత ఆయనకు రత్నగిరి ట్రాన్స్‌ఫర్ అయింది. సంఘం అక్కడితో ఖతం.

ఈ చిన్న కథలో రెండు పాఠాలున్నాయి. ఒకటి, మా ఐటీలో 'బస్ ఫ్యాక్టర్' అంటాం. టీమ్‌లో ఎంతమందిని బస్సు గుద్దితే ప్రాజెక్టు ఆగిపోతుందో ఆ నంబర్ అన్నమాట. క్రాఫోర్డ్ సంఘానికి ఆ నంబర్ ఒకటి. బస్సు కూడా అక్కర్లేదు, ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ చాలు. రెండోది, ఈ రహస్య సంఘం గురించి నేనివాళ రాయగలుగుతున్నానంటే కారణం ఆ ఉత్తరాలే. రాసింది మిగులుతుంది. అప్పుడు కాగితం మీద, ఇప్పుడు సర్వర్ మీద.

1958: ఒకే ఏడాది, రెండు తీర్పులు

సంఘం పెట్టడం ఒక ఎత్తు, సభ్యులకు సమాచారం పంపడం ఇంకో ఎత్తు. అమెరికాలో ఇల్స్‌లీ బూన్ అనే చర్చి పాస్టర్ నేచురిస్టుల కోసం 1933లో ఒక పత్రిక మొదలుపెట్టాడు. తర్వాత దాని పేరు 'సన్‌షైన్ అండ్ హెల్త్' అయింది. ఎక్కడెక్కడో చెల్లాచెదురుగా ఉన్న సభ్యులకు అదే నోటీసు బోర్డు. పోస్టాఫీసు వాళ్లు "ఇది అశ్లీలం, మా బస్తాల్లో మోయం" అన్నారు. గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది. 1958 జనవరిలో కోర్టు పత్రిక వైపే నిలిచింది.

అదే ఏడాది జూన్ 30న అదే కోర్టు ఇంకో తీర్పిచ్చింది. దానికీ నేచురిస్టులకూ సంబంధం లేదు. నల్లజాతివారి హక్కుల కోసం పోరాడే ఎన్‌ఏఏసీపీని "మీ సభ్యుల పేర్లు, అడ్రసులు ఇవ్వండి" అని అలబామా రాష్ట్రం అడిగింది. ఆ లిస్టు బయటికొస్తే ఉద్యోగాలు పోతాయి, దాడులు జరుగుతాయి. సంఘం ఇవ్వనంది. లక్ష డాలర్ల జరిమానా పడింది. సుప్రీంకోర్టు జడ్జిలందరూ ఏకగ్రీవంగా చెప్పారు: సభ్యుల లిస్టు రహస్యంగా ఉంచుకోలేకపోతే, సంఘం పెట్టుకునే హక్కుకు అర్థమే లేదని.

ఆ మాట ఎంత బరువైనదో తెలియాలంటే 1933 జర్మనీని చూడాలి. నాజీలు అధికారానికొచ్చిన కొన్ని వారాలకే, మార్చిలో, ప్రష్యా హోం శాఖ చేతిలో ఉన్న గోరింగ్ నేచురిస్టుల మీద ఉత్తర్వు తెచ్చాడు. క్లబ్బులు మూతపడ్డాయి, లేదా ప్రభుత్వం చెప్పినట్టు నడవాల్సి వచ్చింది. లిస్టు రాసే రోజున ప్రభుత్వం మంచిదే కావచ్చు. లిస్టు మాత్రం ప్రభుత్వాలు మారినా అలాగే ఉంటుంది.

మన దగ్గర? సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగం 19వ అధికరణలో ఉంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జిల ధర్మాసనం చెప్పింది. కానీ బహిరంగ ప్రదేశంలో ఇతరులకు ఇబ్బంది కలిగేలా అశ్లీలంగా ప్రవర్తిస్తే భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షన్ ఉంది. మూడు నెలల దాకా జైలు. ఫొటో ఆన్‌లైన్‌లో పెడితే ఐటీ చట్టం 67 కూడా తోడవుతుంది. 2020 నవంబరులో తన 55వ పుట్టినరోజుకు గోవా బీచ్‌లో బట్టల్లేకుండా పరిగెత్తిన ఫొటో పోస్ట్ చేసిన మిలింద్ సోమన్ మీద కేసు అలాగే పడింది. గమనించండి, ఊరంతా చూసింది పరుగును కాదు, పోస్టును.

ఇప్పుడు సెక్రటరీ మీరే అనుకోండి

ఒక ప్రాంతీయ సంఘం. నలభై మంది సభ్యులు. టీచర్లు, నర్సులు, కోడర్లు. సెక్రటరీగా మీరు వాళ్లకు చెప్పాల్సినవి నిజానికి చాలా తక్కువ. ఎప్పుడు, ఎక్కడ, ఎంత ఖర్చు, రూల్స్ ఏంటి, ప్రోగ్రాం రద్దయితే ఆ మాట, ఎవరైనా తప్పుగా ప్రవర్తిస్తే ఎవరికి చెప్పాలి. రూల్స్ ప్రపంచమంతా దాదాపు ఒకటే. కూర్చునే చోట ఎవరి టవల్ వాళ్లు వేసుకోవాలి. కెమెరా తీయొద్దు. ఎవర్నీ తేరిపార చూడొద్దు. ఎవరైనా 'వద్దు' అంటే వద్దనే.

మనవాడు చేసే మొదటి పని? వాట్సాప్ గ్రూప్. అక్కడే కొంప మునిగేది.

గ్రూపులో ప్రతివాడి నంబర్ ప్రతివాడికీ కనిపిస్తుంది. ఆ నంబర్ ట్రూకాలర్‌లో కొడితే పేరొస్తుంది. యూపీఐ యాప్‌లో కొడితే బ్యాంకు ఖాతాలో ఉన్న అసలు పేరే వస్తుంది. హైదరాబాద్‌లో అయితే పేరు తెలిసినా కోటి మందిలో ఒకడు. బాన్సువాడ బస్టాండులో పేరు, ఇంటిపేరు చెప్తే చాయ్ తాగేలోపు "ఫలానాయన కొడుకేగా" అంటారు. ఇక స్క్రీన్‌షాట్‌కు పట్టేది ఒక్క సెకను. మాయమైపోయే మెసేజ్‌లు పెట్టినా స్క్రీన్‌షాట్ మాయం కాదు.

మరేం చేయాలి?

ఒకటి: చెప్పడం వేరు, మాట్లాడుకోవడం వేరు. నోటీసులకు వాట్సాప్ చానల్ చాలు. అందులో ఫాలోవర్లు ఒకరికొకరు కనిపించరు. కానీ లింకు దొరికిన ఎవరైనా చానల్లో చేరొచ్చు. అందుకని అందులో తేదీ పెట్టండి, అడ్రస్ పెట్టొద్దు. బ్రాడ్‌కాస్ట్ లిస్టు ఇంకో దారి. మెసేజ్ ఎవరికి వాళ్లకు విడిగా పోతుంది. ఒక్కో లిస్టుకు 256 మంది దాకా, అదీ మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే. ఈమెయిల్ అయితే అందరినీ బీసీసీలో పెట్టండి. పొరపాటున సీసీలో పెడితే సంఘం మొత్తం బజార్న పడ్డట్టే.

రెండు: అవసరం లేనిది అడగొద్దు. మీటింగ్ సంగతి చెప్పడానికి మీకు ఆధార్ కాపీ ఎందుకు? కంపెనీ పేరెందుకు? మా డేటాబేస్ పనిలో బంగారం లాంటి రూల్ ఇది. మీ దగ్గర లేని డేటాను ఎవడూ దొంగిలించలేడు. 2015లో ఆష్లీ మాడిసన్ అనే డేటింగ్ సైట్ హ్యాక్ అయినప్పుడు పేర్లు, ఈమెయిళ్లు, చెల్లింపుల వివరాలతో సహా బయటికొచ్చాయి. డబ్బు కట్టి అకౌంట్ తీసేయించుకున్నవాళ్ల వివరాలు కూడా అందులో ఉన్నాయి.

మూడు: కొత్తవాళ్లను తీసుకునేవాళ్లు వేరు, లిస్టు దాచేవాళ్లు వేరుగా ఉండాలి. కొత్త సభ్యుడితో మాట్లాడి, మనిషిని చూసి, అప్పుడే చేర్చుకోవాలి. మహిళా సభ్యులకు "నాకు ఆ మనిషితో ఇబ్బందిగా ఉంది" అని చెప్పుకునే ఒక మహిళ కమిటీలో ఉండి తీరాలి. అది లేని సంఘం ఎంత పెద్ద పేరు పెట్టుకున్నా నమ్మకండి.

నాలుగు: ఫొటో తీస్తే ఆ రోజే బయటికి పంపేయాలి. అనుమతి లేకుండా ఒకరి ప్రైవేటు భాగాల ఫొటో తీసినా, పంపినా ఐటీ చట్టం 66ఈ కింద మూడేళ్ల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఈ సెక్షన్ నంబర్ నోటీసులో రాసి పెట్టండి. భయం కొన్నిసార్లు మంచిదే.

ఐదు: తాళం చెవి ఇద్దరి దగ్గర ఉండాలి. క్రాఫోర్డ్‌ను మర్చిపోవద్దు. ఎవరైనా సంఘం వదిలేస్తే ఆ వారంలోనే పేరు తీసేయాలి. రిజిస్ట్రేషన్ చేయిస్తామంటే మన సొసైటీల చట్టం ప్రకారం కనీసం ఏడుగురు కావాలి, వాళ్ల పేర్లు కాగితం మీదకెక్కుతాయి. కాబట్టి బయటపడినా ఫర్వాలేదు అనుకునేవాళ్లే ఆ ఏడుగురిలో ఉండాలి.

ఇంకోటి, అడ్మిన్లకు ఊరటనిచ్చే సంగతి. సభ్యుడెవరో పెట్టిన పోస్టుకు అడ్మిన్‌ను నేరస్తుణ్ని చేయలేమని 2021లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచ్, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. అయితే అడ్మిన్ కూడా అందులో పాలుపంచుకుంటే ఆ ఊరట ఉండదు.

బట్టలేసుకున్నవాళ్లకూ ఇదే లెక్క

"నేను ఏ నేచురిస్ట్ క్లబ్బులోనూ లేను" అంటారు మీరు. సరే. తాగుడు మానేయాలని ఆల్కహాలిక్స్ అనానిమస్‌కు వెళ్లే మీ బాబాయ్? హెచ్ఐవీ మందులు వాడేవాళ్ల గ్రూపు? పిల్లల కోసం ట్రీట్‌మెంట్ తీసుకుంటున్న జంటల గ్రూపు? ఇంట్లో చెప్పకుండా ప్రేమించుకుంటున్న మీ దోస్తు? వీళ్లందరికీ ఒక గ్రూపు కావాలి, ఆ గ్రూపులో ఉన్నట్టు ఊరికి తెలియకూడదు. పట్నంలో ఉన్నవాళ్లకు గుంపే రక్షణ. మన చిన్న ఊళ్లలో ఆ గుంపు లేదు. అడ్మిన్ ఒక్కడే రక్షణ.

అందుకే ఈ వారం హోంవర్క్. మీరు అడ్మిన్‌గా ఉన్న ప్రతి గ్రూపూ ఒకసారి తెరవండి. అందులో ఎవరి నంబర్ ఎవరికి కనిపిస్తోంది, నిజంగా కనిపించాల్సిన అవసరం ఉందా అని చూడండి. ఏడాదిగా నోరు విప్పని నంబర్ ఎవరిదో కనుక్కోండి. "మీరు ఉండాలనుకుంటున్నారా?" అని పర్సనల్‌గా అడగండి. వద్దంటే తీసేయండి, ఎందుకని అడక్కండి. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు ఎవరి సంబంధాన్ని, ఎవరి ఉద్యోగాన్ని కాపాడతాయో మీకు ఎప్పటికీ తెలియకపోవచ్చు.